ముప్పై సెకన్ల సముద్రం

పొద్దున్నే మా కొండ అంచున నిలబడి, లోయ నిండా పరుచుకున్న మంచును చూసి, "అబ్బ, అచ్చం సముద్రంలా ఉందండీ" అనని టూరిస్టును నేనింతవరకూ చూడలేదు. హైదరాబాదు వాళ్లయినా, విజయవాడ వాళ్లయినా అందరిదీ ఒకటే మాట. అదేదో తామే కనిపెట్టినట్టు నా వైపు తిరిగి మరీ చెబుతారు. నేను నవ్వాలి. నవ్వి, "కొంచెం ఎడమకి జరగండి సార్, మేడం భుజం మీద చెయ్యి వేయండి" అని ఫొటో తీయాలి. అది నా పని.

నా పేరు బేబి. ముప్పై ఆరేళ్లొచ్చినా బేబీనే. నేను పుట్టినప్పుడు ఆస్పత్రి కార్డు మీద నర్సు "బేబి ఆఫ్ రాజులమ్మ" అని రాసింది. మావాళ్లు అదే పేరనుకుని స్థిరం చేసేశారు. అరకు సంత వీధిలో వెంకటరావుగారి ఫొటో స్టూడియోలో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. పెళ్లిళ్లు, పెళ్లికి ముందు జంటల ఫొటోలు, కాఫీ తోటల్లో టూరిస్టులు, ఆధార్ కార్డుల కోసం బిగుసుకుని కూర్చునే ముసలివాళ్లు, అన్నీ నేనే తీస్తాను.

మూడేళ్ల కిందటి వరకూ ఆ "సముద్రంలా" అన్న మాట వింటే చిరాకు వేసేది, అంతే. ఇప్పుడు ఆ మాట పూర్తికాకముందే మీట నొక్కేస్తాను. మా తమ్ముడు బుధు సముద్రంలో ఉన్నాడు.

బుధు నాకంటే పదేళ్లు చిన్న, అక్కనని నన్ను 'అప్పా' అనేవాడు. బుధవారం పుట్టాడని ఆ పేరు. అమ్మ కొండ మీద పోడు చేనుకి పోతే నా చంకలోనే పెరిగాడు. పెద్దయ్యాక నా వెనకే స్టూడియోకి వచ్చి లైట్లు పట్టుకునేవాడు, సంచులు మోసేవాడు. పని మీద ధ్యాస తక్కువ. స్టూడియోలో గోడకి ఒక పాత తెర ఉంది. దాని మీద నీలం సముద్రం, రెండు కొబ్బరి చెట్లు, ఒక తెరచాప పడవ. ఈ చుట్టుపక్కల కొండల్లో సగం జంటల పెళ్లి ఫొటోలు ఆ సముద్రం ముందు తీసినవే. ఆ తెర విప్పి చుట్టడం బుధు పని. చుట్టడం మానేసి దాని ముందు నిలబడిపోయేవాడు.

"సారూ, నిజింగా ఇంత నీలింగా ఉంటాదేటి?" అని వెంకటరావుగారిని అడిగేవాడు.

వెంకటరావుగారిది భీమిలి దగ్గర సముద్రపొడ్డు ఊరు. ముప్పై ఏళ్ల కిందట స్టూడియో పెట్టుకుని కొండెక్కారు. "నీలం కాదురా, ఒక్కో పూట ఒక్కో రంగు. నువ్వే ఎళ్లి సూసుకో" అనేవారు. ఆయన ఊరికే అన్న మాట అది. మేం ఊరికే అన్న మాటలన్నీ వాడు నిజమనుకున్నాడు.

మూడేళ్ల కిందట పుష్యమాసంలో కాఫీ తోట పక్కన పారే గెడ్డ ఒడ్డున ఒక జంటకి ఫొటోలు తీస్తున్నాం. వణికించే చలి. బుధు లెన్సు చేతిలో పట్టుకుని నీళ్లకేసి చూస్తూ రాయి మీద నిలబడ్డాడు. నేను చెయ్యి చాపి "లెన్సు" అన్నాను. వాడు ఉలిక్కిపడ్డాడు. లెన్సు గెడ్డలో పడింది. అది స్టూడియోలోకెల్లా ఖరీదైన లెన్సు.

నా నోరు మంచిది కాదు. కోపం వస్తే ముందూ వెనకా చూడదు. ఆ జంట ముందు, వాళ్ల డ్రైవరు ముందు వాణ్ణి నానా మాటలూ అన్నాను. "సేతకాని ఎదవా, నా కళ్ల ముందుండకు. పో, ఏ గంగలో దూకుతావో దూకీ!" అన్నాను.

బుధు భుజం మీది సంచి దింపాడు. వాడి ఒంటి మీద ఎర్ర స్వెట్టరు ఉంది. రెండు చలికాలాల కిందట సంతలో నేనే కొన్నాను. దాన్ని తల మీంచి లాగి, ట్రైపాడ్ మీద వేలాడదీసి, రోడ్డు వైపు నడిచాడు. మలుపు దగ్గర జీపు కోసం నిలబడ్డాడు. చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నాడు. ఇదంతా నేను జూమ్ లెన్సులోంచి చూశాను. ఒకసారి నా వైపు తిరిగాడు. పిలుస్తాననుకున్నాడు. పిలిస్తే వచ్చేసేవాడని నాకు తెలుసు. పిలవలేదు. జీపొచ్చింది, ఎక్కాడు.

చేపల బోటు మీద పనిలో చేరాడని నెల తరవాత తెలిసింది. మా మేనమామ భీముడికి ఫోను ఉంది. దానికి చేసి అమ్మతో మాట్లాడేవాడు. "అమ్మా, ఇక్కడ నీళ్లకి అవతలి గట్టు నేదే!" అని నవ్వేవాడట. "బోటు మీద సలి ఎక్కువమ్మా" అనేవాడట. నా గురించి అడిగేవాడు కాదు. నేనూ ఫోను అందుకోలేదు. వాడే ముందు అడగాలని నా పంతం.

మూడో నెలలో, ఒక తెల్లవారుజామున, వల లాగుతూ జారి పడ్డాడు. బోటు వాళ్లు రెండు రోజులు వెతికారట. దొరకలేదు.

ఆ రోజు నుంచీ అమ్మ మంట దగ్గర కూర్చోదు. మా కొండల్లో చలికాలం సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ మంట వేస్తారు. అమ్మ మాత్రం దూరంగా గుమ్మంలో, భుజాల మీద ఏమీ కప్పుకోకుండా కూర్చుంటుంది. దుప్పటి కప్పితే తీసి పక్కన పెడుతుంది. మొదటి ఏడు నేను గట్టిగా అడిగాను.

"ఆడక్కడ సన్నీళ్లలో ఉంటే నాకు మంటెందుకే?" అంది.

మూడు చలికాలాలు అలాగే గడిచాయి.

మా ఊళ్లో పోయినవాళ్లకి రాయి నిలబెడతారు. ఎప్పుడు పడితే అప్పుడు కాదు. అయిదారేళ్లకోసారి, ఆ మధ్యలో పోయినవాళ్లందరికీ కలిపి మాఘంలో చేస్తారు. రాయి నిలిస్తేనే మనిషి ఇల్లు చేరినట్టు. అప్పటివరకూ దారుల్లో తిరుగుతూనే ఉంటాడని మావాళ్ల నమ్మకం. ఈ ఏడు ఆ మాఘం వచ్చింది. అందరి రాళ్లూ కొండ మీంచి దించారు. బుధు రాయి గురించి అమ్మ నోరు విప్పలేదు.

"కింద ఏటెడతారు? ఎముకా నేదు, బూడిదా నేదు. ఉత్త మట్టి మీద రాయెట్టి నా కొడుకొచ్చీసేడని సెప్పుకోనా?" అంది భీముడు మావతో.

ఊళ్లో రాళ్ల పని చూసేది మావే. ఆయన బాగా ఆలోచించి చెప్పాడు. "దూరాన పోయినోడికి ఒక దారుంది రాజులా. ఆడేసుకున్న గుడ్డ ఆ సోటికి అట్టుకెళ్లాల. పేరెట్టి మూడుసార్లు పిలవాల. గుడ్డ మడతెట్టి ఇంటికి తేవాల. గుడ్డలో ఆడొత్తాడు. పిలిసీది తోడబుట్టిందే అవ్వాల."

ఆ ఎర్ర స్వెట్టరు అమ్మ దగ్గరే ఉంది. మూడేళ్లుగా ఉతకలేదు. పెట్టెలోంచి తీసి నా ఒళ్లో పెట్టింది. "ఫొటో కూడా తియ్యి. ఆడు ఏ నీళ్లలో ఉన్నాడో నాను సూడాల. నోటి మాట నాను నమ్మను" అంది. అమ్మ ఘాట్ రోడ్డు మీద బస్సెక్కలేదు, వాంతులవుతాయి. ఎక్కగలిగినా వెళ్లదు. కొడుకుని మింగిన దాని మొహం చూడనంటుంది. ఫొటోలో అయితే చూస్తుందట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సముద్రాన్ని ఎలా తీయాలో నాకు తెలియదు. వెంకటరావుగారు నేర్పారు. తన పాత పెట్టెలోంచి ఒక నల్లద్దం తీసి లెన్సుకి బిగించి చూపించారు. "ఇది పెట్టి ముప్పై సెకన్లు తెరిచుంచావంటే కెరటం కనపడదు. నీళ్లన్నీ మన లోయలో మంచులా పరుచుకుంటాయి. కదిలేదేదీ ఇందులో పడదు. ఆగినదే పడతాది" అన్నారు. నాకు అదే కావాలి. కెరటాలు చూపించి అమ్మను భయపెట్టే ధైర్యం నాకు లేదు. వాడు మెత్తగా పడుకుని ఉన్నాడనుకోవాలి.

ఉప్పు గాలికి లెన్సు ఎలా తుడుచుకోవాలో చెప్పారు. ట్రైపాడ్ ఇసకలో పెట్టకు, కుంగిపోతుంది, రాయి మీద పెట్టు అన్నారు. పొద్దు ఎటు పొడుస్తుందో చెప్పారు. అన్నీ చెప్పారు. ఒక్కటి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆయనకి తోచి ఉండదు. సముద్రపొడ్డున పుట్టినవాళ్లకి అది గాలి పీల్చడం లాంటిది.

ఎస్.కోట, విజయనగరం మీదుగా బస్సులు మారి భీమిలి చేరాను. ఆ రాత్రి వెంకటరావుగారి చెల్లెలి ఇంట్లో పడుకున్నాను. తెల్లవారుతుండగా భీమిలి దాటాక ఒక జాలరి పాలెం దగ్గర ఆటో దిగాను. బోటు వాళ్లు చెప్పిన చోటు అదే. ఆ ఒడ్డుకి ఎదురుగా, లోపల ఎక్కడో.

ఇసక దిబ్బ ఎక్కి చూశాను.

ముప్పై ఆరేళ్లలో మొదటిసారి చూశాను సముద్రాన్ని. అవతలి గట్టు లేదు. వాడు చెప్పినట్టే లేదు. "బుధూ, నిజమేరా" అనుకున్నాను. పక్కన వాడుంటే నా భుజం మీద గుద్ది "సూసేవా అప్పా!" అనేవాడు. ఎంత గోల చేసేవాడో. వాడు మొదటిసారి దీన్ని చూసినప్పుడు ఎవరి భుజం గుద్దాడో నాకు తెలియదు. ఆ సంగతి ఎవరినీ అడగలేను. అది తలచుకుని ఇసకలోనే కూర్చుండిపోయాను.

తరవాత పని మొదలుపెట్టాను. నీళ్లకి దగ్గరలో ఇసకలోంచి పైకి లేచిన ఒక చదును రాయి ఉంది. దాని మీద ట్రైపాడ్ పెట్టాను. గుడ్డసంచి మాత్రం రాయి వెనక, నీళ్లకి ఇరవై అడుగుల పైన ఇసకలో పెట్టాను. అందులో అన్నం డబ్బా, దాని మీద మడతపెట్టిన స్వెట్టరు. పెట్టే ముందు వెనక్కి తిరిగి పడమటి వైపు చూశాను. దూరంగా మా కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. వాటి మీద మబ్బు తునక లేదు.

మేం అలాగే చూస్తాం. గెడ్డ ఊరికే పొంగదు. పైన కొండల్లో వాన పడితేనే పొంగుతుంది. గెడ్డ ఒడ్డున ఏదైనా పెట్టేముందు ఎగువన మబ్బుందా లేదా అని చూడటం మాకు నడక రాకముందే నేర్పుతారు. మబ్బు లేదు కాబట్టి నీళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.

ఒడ్డున ఒక ఆమె ఎండుచేపల కోసం వల గుడ్డలు పరుస్తోంది. నడివయసు మనిషి. నా సంచి చూసి కేకేసింది. "ఓలమ్మా, పోటొత్తంది. సంచి పైకెట్టుకో!"

నేను పొగరుగా జవాబిచ్చాను. "మబ్బు నేదు గదమ్మా, నీళ్లెందుకొత్తాయి?"

ఆమె నేను హాస్యమాడాననుకుంది. పకపకా నవ్వి తన పనిలో పడింది.

నేను ఫొటోలు తీశాను. ఒకటి, రెండు, అయిదు. నిజానికి ముందు పిలవాలి. స్వెట్టరు చేత్తో పట్టుకుని వాడి పేరు పిలవాలి. రెండుసార్లు నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆ రోజు మలుపు దగ్గర ఉన్నప్పుడు పిలవని దాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవను? వాడు తిరిగి చూసి, "ఇప్పుడు గురుతొచ్చేనా?" అంటే? అందుకని, ఇంకొక్క ఫొటో తీసి పిలుద్దాం, ఇంకొక్కటి తీసి పిలుద్దాం అనుకుంటూ వాయిదా వేశాను. పొద్దు పొడిచింది. నీళ్లు రాయికి అటూ ఇటూ చేరుతున్నాయి. నా కన్ను కెమెరా మీదే ఉంది.

ఎనిమిదోసారి మీట నొక్కాను. ముప్పై సెకన్లు లెక్కపెట్టుకోవాలి. ఏడు దాకా లెక్కపెట్టాను. వెనక నీళ్లు ఇసకను గీరుతున్న చప్పుడు వినిపించింది.

తిరిగి చూసేసరికి సంచి లేచింది. కెరటం దాన్ని చంకనెత్తుకున్నట్టు పైకి లేపి వెనక్కి లాగింది. రాయి పక్క నుంచి సంచి నీళ్లలోకి జారిపోయింది. నోరు విప్పుకుంది. స్వెట్టరు బయటికొచ్చింది. రెండు చేతులూ బారచాపి, ఎర్రగా, నీళ్ల మీద.

దూకాను. నాకు ఈత రాదు. మోకాళ్లు, నడుము, ఛాతీ దాకా నీళ్లు. ఉప్పు నోట్లోకి పోయింది. అప్పుడు నా గొంతు వచ్చింది. "బుధూ!" అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. రెండు కెరటాల నడుమ నీళ్లు ఎటూ పోకుండా కాసేపు నిలిచాయి. స్వెట్టరు నిలిచింది. నా చెయ్యికీ దానికీ మధ్య మూడు మూరలు ఉంటుంది. అంతే. తరవాతి కెరటం నన్ను ఒడ్డు వైపు తోసి, దాన్ని లోపలికి తీసుకుపోయింది.

ఎవరో నా జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగారు. వల గుడ్డలు పరుస్తున్న ఆమె. పేరు నూకరత్నం అని తరవాత చెప్పింది. ఇసక మీదికి ఈడ్చి పడేసి తిట్టింది. "సచ్చీదానివే! కొండగుంటవా ఏటి నువ్వు? పోటని సెప్పేనా నేదా?"

"వాన పడలేదు కదా" అన్నాను. వణుకుతూ అదే మాట పదిసార్లు అన్నాను. "వాన పడలేదు కదా, వాన పడలేదు కదా."

నూకరత్నానికి అప్పుడు అర్థమైంది. నేను హాస్యమాడలేదని. తిట్టడం ఆపి నా తల తుడిచింది. "సముద్రానికి వాన అక్కర్నేదమ్మా. రోజూ ఒత్తాది, రోజూ ఎల్తాది" అంది. ఇంటి నుంచి టీ తెచ్చి తాగించింది. "బుధూ, బుధూ, బుధూ అని మూడుసార్లు పిలిసేవు. ఎవుర్నే?" అని అడిగింది. చెప్పాను. ఆమె తన పని వదిలేసి ఎండెక్కేదాకా నాతో పాటు ఒడ్డంతా తిరిగింది. అన్నం డబ్బా మూత దొరికింది. స్వెట్టరు దొరకలేదు.

"నీ నంబరియ్యి. ఒడ్డుకి కొడితే ఉతికి దాసుంచుతాను" అంది నేను బస్సెక్కేటప్పుడు.

"ఉతకొద్దమ్మా" అన్నాను.

విజయనగరంలో దిగి బట్టల కొట్లు తిరిగాను. దాచడమెందుకు, అమ్మను మోసం చేద్దామనుకున్నాను. అలాంటి ఎర్ర స్వెట్టరే కొని, ఉప్పునీళ్లలో తడిపి ఆరబెట్టి ఇస్తే ఏం తెలుస్తుంది? చుర్రుమనే ఎండలో స్వెట్టరు అడిగితే కొట్టువాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. నాలుగో కొట్లో ఒకటి చూపించాడు. ఎర్రదే. చేతిలోకి తీసుకుని వాసన చూశాను. కొత్త గుడ్డ వాసన. అమ్మ మూడేళ్లుగా ఆ పాత స్వెట్టరు మొహానికి పెట్టుకుని పడుకుంది. ఎవరిని మోసం చేస్తాను? మడతపెట్టి తిరిగి ఇచ్చేశాను.

అరకు చేరి స్టూడియోకి వెళ్లాను. కెమెరా రాయి మీద ఉండి బతికిపోయింది. వెంకటరావుగారు కార్డు తీసి కంప్యూటర్లో పెట్టారు. జరిగిందంతా విని, "పోటు సంగతి నీకు చెప్పలేదు కదమ్మా" అని తల పట్టుకున్నారు. "అది కూడా చెప్పాలని నాకు తోచలేదు." ఆయన కళ్లు తడయ్యాయి. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఎవరి మీదా కోపం రాకపోవడం నాకు కొత్త.

ఫొటోలు ఒక్కొక్కటీ వచ్చాయి. తెల్లటి నీళ్లు, నల్లటి రాళ్లు. ఆయన చెప్పినట్టే, అచ్చం మన లోయలో మంచులా ఉన్నాయి. ఎనిమిదోది వచ్చింది. తెల్లటి నీళ్ల మధ్య, కుడివైపు, అరచేయంత ఎరుపు. అంచులు కరిగిపోయి, పలచగా ఉంది. కానీ ఉంది.

పెద్ద సైజులో ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లాను.

సాయంత్రమైంది. మర్నాడే రాళ్లు నిలబెట్టేది. మా ఇంటి ముందు మంట దగ్గర భీముడు మావ కూర్చుని రాయికి కట్టే తాళ్లు సరిచూస్తున్నాడు. అమ్మ ఎప్పటిలాగే దూరంగా గుమ్మంలో ఉంది. నా ఖాళీ చేతులు చూసింది.

"ఏదే?" అంది.

ఫొటో ఇచ్చాను. అమ్మ దాన్ని వెలుగుకి తిప్పి చూసింది. "ఇది మన మంచు. కొండ మీద తీసి నన్ను ఏమారుత్తన్నావేటి?" అంది.

"కాదమ్మా. నీళ్లే."

"మరిదేటి, ఎర్రగా?"

చెప్పాను. సంచి ఎక్కడ పెట్టిందీ, మబ్బు కోసం ఎటు చూసిందీ, నీళ్లు ఎలా వచ్చిందీ, అన్నీ చెప్పాను. పిలవడానికి గొంతు రాలేదని కూడా చెప్పాను. మావ చేతిలో తాడు ఆగింది. అమ్మ తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. కొడుకు ఇల్లు చేరడానికి ఉన్న ఒక్క దారీ నేను సముద్రంలో పారేసి వచ్చాను.

అమ్మ ఫొటో మీంచి కళ్లెత్తలేదు. "మరి అస్సలు పిలవనేదా?"

"పిలిచాను. సొట్టరు పోతుంటే పిలిచాను."

"పేరెట్టా?"

"పేరెట్టే. మూడుసార్లు."

"నీళ్లలోకి దిగేనన్నావు. ఇందులో నువ్వేదీ?"

"నేను పరిగెత్తుతున్నానమ్మా. ఇది ముప్పై సెకన్ల ఫొటో. కదిలేవాళ్లు ఇందులో పడరు. ఆగితేనే పడతారు."

అమ్మ ఆ ఎరుపు మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. మంటలో కట్టె విరిగి నిప్పురవ్వలు లేచాయి.

"అయితే ఆగేడు" అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు పిలిత్తే ఆగేడే. ఆగి, సూసి, సొట్టరు తీసీసుకుని ఎల్లేడు" అంది. "సలేసుంటాది పాపం."

నేను నేల మీద కూలబడ్డాను. మూడేళ్లుగా లోపల బిగబట్టిన ఏడుపు ఒక్కసారి వచ్చింది. వాడు ఆగుతాడని నాకు ముందే తెలుసు. ఆ రోజు మలుపు దగ్గర, చేతులు చంకల్లో పెట్టుకుని, వాడు ఆగే ఉన్నాడు. నేను ఒక్కసారి "బుధూ" అంటే చాలు. జీపు వెళ్లిపోయేది, వాడు వెనక్కి వచ్చేవాడు, ఇద్దరం గెడ్డలో దిగి లెన్సు వెతుక్కునేవాళ్లం. పిలిస్తే ఆగేవాడని తెలిసి కూడా పిలవలేదు. అమ్మకి ఇదంతా చెప్పానో, ఏడుస్తూ గొణిగానో నాకు తెలియదు. అమ్మ నా తల మీద చెయ్యి వేసి ఉంచింది.

మావ గొంతు సవరించుకున్నాడు. "రేపు రాయి కింద ఏటెడదాం రాజులా?"

"ఇదే" అంది అమ్మ, ఫొటో చూపించి. "ఆడున్న సోటిది. తోడబుట్టింది పిలిసి తెచ్చింది. సాలదేటి?"

మావ సాల్తాది అన్నట్టు తలూపాడు.

అప్పుడు అమ్మ గుమ్మంలోంచి లేచింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా నడిచి, మంట దగ్గరికి వచ్చింది. మావ కళ్లప్పగించి చూస్తున్నాడు. మంట పక్కనున్న బండ మీద కూర్చుని రెండు అరచేతులూ మంటకి చాపింది. మూడేళ్ల తరవాత.

"దుప్పటి ఇలాగిచ్చీ" అంది నాతో.

తెచ్చి భుజాల మీద కప్పాను. తీసేయలేదు. అంచులు దగ్గరికి లాక్కుని, మంటలోకి చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

"బేబీ, అది ఆడికి సరిపోతాదంటావా? ఈ మూడేళ్లలో ఒళ్లు సేసుంటాడు. భుజాల కాడ బిగుతయిపోద్దేమో."

"సాగుతాదమ్మా" అన్నాను. "ఊలుది కదా."